నల్ల ఉడత పుర్రె నిజంగా వేరేనా? ఒక కేస్ స్టడీ

నేను అమెరికాలో ఒక నేచురల్ హిస్టరీ మ్యూజియంలో క్షీరదాల కలెక్షన్ చూసుకుంటాను. ఎముకలు కొలవడం, కొలిచేవాళ్లకు సాయపడటం నా పని. ఈ కేసులోని విద్యార్థి ఎవరో, పుర్రెలు ఏయే మ్యూజియాల నుంచి వచ్చాయో రాయడం లేదు. ఫలితాల అంకెలు కూడా ఇవ్వడం లేదు. అవి ఆమె కష్టార్జితం, ప్రచురించుకునే హక్కు ఆమెది. ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఎక్కడ దారి తప్పాం అన్నది మాత్రమే రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే రీసెర్చ్‌లోకి వస్తున్న మన పిల్లలకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఉడత అంటే వీపు మీద చారలున్న చిన్న ప్రాణి. ఊరు మారినా దాని రంగు పెద్దగా మారదు. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో అలా కాదు. ఒకే చెట్టు మీద బూడిద రంగుది ఒకటి, బొగ్గులాంటి నల్లది ఒకటి తరుముకుంటూ కనిపిస్తాయి. కొత్తగా చూసినవాళ్లు రెండు జాతులనుకుంటారు. నిజానికి రెండూ ఒకటే జాతి, స్యూరస్ కారొలినెన్సిస్. ఇక్కడ దాన్ని ఈస్టర్న్ గ్రే స్క్విరెల్ అంటారు. ఒకే ఈతలో రెండు రంగుల పిల్లలూ పుట్టొచ్చు.

రంగుకు కారణం 2009లో తేలింది. ఎంసీ1ఆర్ అనే జన్యువులో 24 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఒకటి ఊడిపోయిన రూపం ఉంది. ఆ రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలు వస్తే ఉడత నిగనిగలాడే నలుపు. ఒక్క కాపీయే వస్తే గోధుమ కలిసిన నలుపు, పొట్ట దగ్గర ఎర్రటి ఛాయ. అసలు రాకపోతే మామూలు బూడిద రంగు. ఈ జన్యువు చేసే పని చాలా చిన్నది. అది తయారుచేసే ప్రోటీన్ వెంట్రుకకు రంగు పోసే కణం మీద కూర్చుని, నలుపు పోయాలా, లేత పసుపు పోయాలా అని చెబుతుంది. బూడిద ఉడత వెంట్రుకను భూతద్దంలో చూస్తే నలుపు, లేత పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. నల్ల ఉడతలో ఆ స్విచ్ ఎప్పుడూ నలుపు వైపే పడి ఉంటుంది.

మ్యూజియంలో ఒక ఉడత అంటే రెండు వస్తువులు. దూది కుక్కి కుట్టిన చర్మం సొరుగులో పడుకుని ఉంటుంది. పుర్రెను డెర్మెస్టిడ్ పురుగులకు వేసి మాంసం తినిపించి, శుభ్రం చేసి, చిన్న పెట్టెలో పెడతారు. రెండింటినీ కలిపేది ఒక్క నంబరే. రంగు చర్మం మీద ఉంటుంది, కొలతలు పుర్రె మీద ఉంటాయి. ఈ కేసులోని చిక్కులో సగం అక్కడ నుంచే వచ్చింది.

వచ్చిన సమస్య

ఆ అమ్మాయి తెలుగమ్మాయే. నల్ల ఉడతల పుర్రెలు మా దగ్గర ఇంకొన్ని ఉంటే ఫోటోలు తీసుకుంటానని మెయిల్ పెట్టింది. అప్పటికే మూడు మ్యూజియాలు తిరిగి వంద దాకా పుర్రెలకు పైనుంచి ఫోటోలు తీసి, ఒక్కో పుర్రె మీద ముట్టె కొస, కంటిగుంట అంచు, చెంప ఎముక వంపు, పుర్రె వెనక అంచు లాంటి చోట్ల గుర్తు బిందువులు పెట్టింది. ఈ రంగంలో వాటిని ల్యాండ్‌మార్కులు అంటాం. ఆ బిందువుల నుంచి సైజు ఒకవైపు, ఆకారం ఒకవైపు విడదీసి, నల్లవాటినీ బూడిదవాటినీ పోల్చింది.

గ్రాఫ్ చూపించింది. ఒక్కో పుర్రెకు ఒక్కో చుక్క. ఆ చుక్కలు రెండు మబ్బుల్లా ఉన్నాయి, మధ్యలో తెల్లటి ఖాళీ. నల్ల ఉడతల పుర్రె పెద్దది, ముట్టె పొడవు, చెంపలు వెడల్పు. గైడ్ సంతోషంగా ఉన్నారు, పేపర్ రాయడం మొదలైంది, గడువు దగ్గర పడింది. ఆమె టెన్షన్ అంతా నల్లవాటి సంఖ్య కాస్త తక్కువగా ఉందే అన్నదాని గురించే.

ఈ ఆలోచన గాల్లోంచి పుట్టింది కాదు. రంగు కణాలూ, ముఖం ఎముకల్లో చాలా భాగమూ పిండంలో ఒకే మూలం నుంచి, న్యూరల్ క్రెస్ట్ కణాల నుంచి వస్తాయి. 1959లో రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన నక్కల ప్రయోగంలో, మచ్చికైన నక్కల ఒంటి మీద తెల్ల మచ్చలు వచ్చాయి, ముఖాలు కూడా మారాయి. ఈ రెండింటికీ న్యూరల్ క్రెస్టే కారణం కావచ్చని 2014లో ఒక ప్రతిపాదన వచ్చింది. రంగు మారితే పుర్రె కూడా మారొచ్చు అన్న ప్రశ్న ఆమె అక్కడ నుంచి తెచ్చుకుంది. మంచి ప్రశ్నే.

కానీ నాకు ఒక తేడా తట్టింది. నక్కల మీద తెల్ల మచ్చ అంటే ఆ చోటికి రంగు కణాలు చేరలేదని అర్థం. పిండం దశలో ప్రయాణం ఆగిపోయింది కాబట్టి ఎముకల మీద కూడా ప్రభావం ఉండొచ్చని ఊహించడం సబబే. నల్ల ఉడతలో రంగు కణాలు చేరాల్సిన చోటికి చేరాయి. చేరాక ఏ రంగు పోయాలన్నదే మారింది. అది దవడనో ముట్టెనో ఎందుకు మార్చాలి? ఇలా అనుకున్నంత మాత్రాన ఆమె ఫలితం తప్పని కాదు. ప్రకృతి మన ఊహకు లోబడి ఉండదు. కానీ కారణం బలహీనంగా ఉండి, తేడా మాత్రం అంత పెద్దగా కనిపిస్తే, ముందు కొలతనే అనుమానించాలి. నేను తీసుకున్న మొదటి నిర్ణయం అది.

మొదట చేసిన పని

ఆమెను ఒక్క పని చేయమన్నాను. కంప్యూటర్లో ఉన్న రంగుల కాలమ్‌ను కలగాపులగం చేసి, ఏ పుర్రెకు ఏ రంగు అన్నది చీటీలు తీసినట్టు వేసి, అదే గ్రాఫ్ మళ్లీ గీయమన్నాను.

గీసింది. మళ్లీ రెండు మబ్బులు వచ్చాయి. ముందున్నంత దూరంగా లేవు, కానీ విడివిడిగానే ఉన్నాయి.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మేడమ్, ఈ రంగులు అబద్ధం కదా. అబద్ధానికి కూడా తేడా ఎలా వస్తోంది?"

ఆమె వాడిన పద్ధతి, గుంపుల మధ్య తేడాను వీలైనంత ఎక్కువ చేసి చూపించడానికే తయారైంది. బిందువులు ఎక్కువై, పుర్రెలు తక్కువైతే, లేని తేడాను కూడా ఎక్కడో ఒక మూల వెతికి పట్టుకుంటుంది. ఆ పద్ధతిని తప్పనను, నేనూ వాడతాను. కాకపోతే ఆ బొమ్మను సాక్ష్యంగా తీసుకోకూడదు. ఇలా వెయ్యిసార్లు చీటీలు తీసి, అబద్ధపు రంగులతో వచ్చే తేడా కన్నా నిజం రంగులతో వచ్చే తేడా ఎంత పెద్దదో చూస్తేనే దానికి విలువ.

వెయ్యిసార్లూ చేశాం. నిజం రంగులతో వచ్చిన తేడా ఇంకా పెద్దదే. ఆమె ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం పని అప్పుడే మొదలైందనిపించింది. ఏదో తేడా ఉంది. అది రంగుదేనా అన్నది తేల్చాలి.

పట్టికలో కనిపించింది

రెండో అడుగుగా కాగితం మీద ఒక పట్టిక వేయించాను. నిలువున ఊళ్లు, అడ్డంగా రంగులు. ఇంత చిన్న పని ఆమె అప్పటిదాకా చేయలేదు, ఆమె గైడ్ అడగలేదు. నేను చూసిన చాలా పరిశోధనల్లో కూడా ఎవరూ అడగరు.

నల్లవి దాదాపు అన్నీ కెనడాలోని ఒంటారియో నుంచి, మిషిగన్ నుంచి వచ్చాయి. బూడిదవి ఎక్కువగా కారొలినాలు, జార్జియా, వర్జీనియా నుంచి. అలా ఉండటం సహజమే, ఎందుకంటే నల్ల రంగు గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల ఎక్కువ, దక్షిణాన అరుదు. కానీ ఈ ఉడత ఉత్తరానికి పోయేకొద్దీ ఒళ్లు పెద్దదవుతుంది. చలి ప్రాంతాల జంతువులు పెద్దగా ఉంటాయని 1847లో బెర్గ్‌మన్ చెప్పిన సూత్రానికి ఇది మంచి ఉదాహరణ. ఉత్తరాది ఉడతలను వేరే ఉపజాతిగా కూడా లెక్కిస్తారు. కాబట్టి ఆమె పోల్చింది ఏమిటి? నలుపునూ బూడిదనూనా, ఉత్తరాన్నీ దక్షిణాన్నీనా?

బంగినపల్లి చెట్లన్నీ ఎర్రనేలలో, రసాల చెట్లన్నీ నల్లరేగడిలో పెంచి, పండు తీపిలో తేడా రకానిదా మట్టిదా అని అడిగితే ఏ రైతూ జవాబు చెప్పలేడు. ఆమె డేటా అలా ఉంది.

పనిచేయనివి

ఆమెకు మొదట తట్టిన ఉపాయమే చాలామందికి తడుతుంది. అక్షాంశాన్ని కూడా లెక్కలో కలిపేసి, దాని ప్రభావం తీసేశాక రంగుకు ఏం మిగులుతుందో చూద్దామని. చేశాం. ఒకసారి రంగు ముఖ్యమని వచ్చింది. రెండు పుర్రెలు తీసేసి మళ్లీ చేస్తే అక్షాంశం ముఖ్యమని వచ్చింది. రెండు కాలమ్‌లూ దాదాపు ఒకటే అయినప్పుడు ఏ లెక్కా వాటిని విడదీయలేదు. ఉత్తరాన బూడిదవీ దక్షిణాన నల్లవీ తగినన్ని ఉంటేనే ఆ లెక్కకు అర్థం. ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోదు. ఏదో ఒక అంకె చేతిలో పెడుతుంది, అందుకే నాకు భయం.

తర్వాత సైజును తీసేసి ఆకారాన్ని మాత్రమే పోల్చాం. పెద్ద ఉడతకు ముట్టె కాస్త పొడవుగా ఉండటం ఎదుగుదలలో భాగమే కాబట్టి, ముందు దాన్ని పక్కన పెట్టాలి. పెట్టాక కూడా ఆకారంలో తేడా మిగిలింది. ఆ రోజు నేను కూడా ఇందులో నిజంగానే ఏదో ఉందేమో అనుకున్నాను. ఇద్దరం సంతోషించాం.

కానీ ఆ తేడాను ఎవరు మోస్తున్నారో చూద్దామని ఒక్కొక్క పుర్రెనూ తీసేస్తూ మళ్లీ మళ్లీ లెక్క వేయించాను. నాలుగు నల్ల పుర్రెల దగ్గర పెద్ద కుదుపు వచ్చింది. అవి తీసేస్తే తేడా సగానికి సగం పడిపోతోంది. నాలుగూ ఒకే మ్యూజియంవి, మిస్సోరీ నది వైపు రాష్ట్రాల నుంచి చాలా ఏళ్ల కిందట సేకరించినవి.

ఇక్కడ వెంటనే ఒక మాట చెప్పాలి. కలవని పుర్రెను కలవలేదనే కారణంతో తీసేయకూడదు. అది ఎందుకు కలవలేదో ఎముక మీదే చూపించగలగాలి, లేదంటే ఉంచాలి. ఆ నాలుగింటినీ అప్పు మీద తెప్పించుకున్నాం.

గ్రే స్క్విరెల్ పైదవడలో ఒక్కో వైపు రెండు అగ్రచర్వణకాలు, అంటే వెనక దవడ పళ్లకు ముందుండే పళ్లు, ఉంటాయి. మొదటిది మేకు తలంత చిన్నది, వెనకున్న పెద్ద పన్ను చాటున నక్కి ఉంటుంది. దాని దగ్గర బంధువైన ఫాక్స్ స్క్విరెల్‌కు ఆ చిన్న పన్ను ఉండదు. మొత్తం పళ్లు గ్రేకు 22, ఫాక్స్‌కు 20. ఈ నాలుగింటిలో ఆ పన్ను లేదు. అయితే అంత చిన్న పన్ను పుర్రె శుభ్రం చేసేటప్పుడు రాలిపోవచ్చు. కాబట్టి పన్ను లేకపోవడం చాలదు, దాని గుంట ఉందా లేదా చూడాలి. లెన్స్ కింద చూశాం. గుంట కూడా లేదు.

అయినా ఒక్క సాక్ష్యంతో లేబుల్ మార్చడం నాకు ఇష్టం లేదు. ఫాక్స్ స్క్విరెల్ ఎముకల్లో పోర్ఫిరిన్ అనే పదార్థం పేరుకుని ఉంటుంది. ఇతర జంతువుల్లో అది జబ్బు, ఈ ఉడతకు మాత్రం సహజ లక్షణం. యూవీ లైటు వేస్తే ఆ ఎముకలు ఎర్రగా వెలుగుతాయి. గదిలో లైట్లు ఆర్పి, ఒక మామూలు గ్రే పుర్రెనూ ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి లైటు వేశాను. గ్రే పుర్రె అలాగే పాలిపోయి ఉంది. నాలుగూ నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఆ దృశ్యం చాలాసార్లు చూశాను, ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ అమ్మాయి చీకట్లో "అయ్యో" అని మాత్రం అంది.

అవి నల్ల ఫాక్స్ స్క్విరెల్స్. ఇలాంటివి కొత్త కాదు. అయోవా రాష్ట్రంలో కౌన్సిల్ బ్లఫ్స్ అనే ఊరికి పేరు తెచ్చిన నల్ల ఉడతలు ఫాక్స్ స్క్విరెల్సే. ఇంకో ముఖ్యమైన సంగతి, గ్రే స్క్విరెల్‌లో నలుపు తెచ్చే ఆ 24 అక్షరాల లోపమే ఫాక్స్ స్క్విరెల్‌లోనూ ఉంది. రెండు జాతులూ ఎప్పుడో కలిసినప్పుడు ఫాక్స్ నుంచి గ్రేకు వచ్చి ఉండవచ్చని 2019లో ఒక పరిశోధన చెప్పింది. ఒంటి మీద నలుపు ఒకటే, లోపల పుర్రె రెండు జాతులది. చర్మం చూసి రంగు రాసుకున్నవాళ్లను తప్పు పట్టలేం.

నాలుగు తీసేశాక కూడా ముట్టె పొడవులో కొంచెం తేడా మిగిలింది. ఇక కెమెరా మీద అనుమానం వచ్చింది. ఇరవై పుర్రెలు తీసుకుని, ఒకే బల్ల మీద, ఒకే కెమెరాతో, వారం తేడాతో రెండుసార్లు ఫోటో తీయించి పాత ఫోటోలతో పోల్చాం. బూడిద పుర్రెలు ఎక్కువగా ఉన్న మ్యూజియంలో పుర్రెను మెత్తటి మట్టి ముద్ద మీద ఆనించి తీశారు, దాంతో ముట్టె కాస్త పైకి లేచింది. పైకి లేచిన ముట్టె పైనుంచి తీసిన ఫోటోలో పొట్టిగా కనిపిస్తుంది. బూడిద ఉడతల ముట్టె పొట్టిదవడానికి కారణం ఆ మట్టి ముద్ద.

వయసు కూడా పరీక్షించాం. దక్షిణాది బూడిద పుర్రెల్లో చాలావరకు శరదృతువు వేటలో దొరికినవి, వాటిలో ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఎక్కువ. పిల్ల ఉడత తల గుండ్రంగా, ముట్టె చిన్నగా ఉంటుంది. ఆడ, మగ తేడా మాత్రం పెద్దగా పట్టించుకోలేదు, ఈ జాతిలో రెండూ దాదాపు ఒకే సైజు.

పనిచేసింది

ఆమె ముందు రెండు దారులున్నాయి. ఉన్న డేటాకు ఒక్కొక్క సవరణా వేసుకుంటూ పోవడం ఒకటి. పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టడం రెండోది. ఏడాది కష్టాన్ని పక్కన పెట్టమని చెప్పడం నాకు సులువుగా లేదు. "నీ పుర్రెలు పోలేదమ్మా, ఎంచుకున్న తీరే మారాలి" అన్నాను. ఆమె రెండు రోజులు టైం అడిగి, మూడో రోజు పొద్దున్నే కొత్త పట్టికతో వచ్చింది. ఊళ్ల కాలమ్ ముందు ఉంది, రంగుల కాలమ్ తర్వాత.

రెండు రంగులూ ఒకే చోట, దగ్గర దగ్గర ఏళ్లలో దొరికిన పుర్రెలే తీసుకున్నాం. దక్షిణ ఒంటారియో, మిషిగన్, ఉత్తర ఒహాయో, వాషింగ్టన్ నగరం. పుర్రెల సంఖ్య సగానికన్నా తగ్గింది. అయినా పోలిక మొదటిసారి నిజమైన పోలిక అయింది.

వీటిలో నాకు అన్నిటికన్నా విలువైనది వాషింగ్టన్ నగరం. అక్కడ మొదట్లో నల్ల ఉడతలు లేవు. 1902లో, 1906లో ఒంటారియో నుంచి తెచ్చి నేషనల్ జూలో వదిలారు. అవి స్థానిక బూడిద ఉడతలతో కలిసి, నలుపు నగరమంతా పాకింది. ఉడతలకు తరం అంటే ఏడాది రెండేళ్లే. వందేళ్లలో ఒంటారియో నుంచి వచ్చిన మిగతా జన్యువులన్నీ స్థానికంలో కలిసిపోతాయి, నలుపు జన్యువు మాత్రం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి అక్కడి నల్ల ఉడత పుర్రె ఒంటారియో ఉడతలా ఉంటే, రంగుతో పాటు పుర్రె కూడా నడుస్తోందని అర్థం. పక్కింటి బూడిద ఉడతలా ఉంటే, పుర్రె నడిచేది చోటుతో. ప్రయోగశాలలో చేయలేని ప్రయోగాన్ని ఆ ఊరు మనకోసం చేసిపెట్టింది. ఒక్క జాగ్రత్త, వదిలిన తొలి ఏళ్లలో దొరికిన పుర్రెలు ఇంకా ఒంటారియో ఉడతలవే అయి ఉంటాయి. అందుకే తర్వాతి దశాబ్దాలవే తీసుకున్నాం. ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో కూడా 1961లో ఇలాగే కెనడా నుంచి తెచ్చి వదిలారు. అక్కడి పుర్రెలు చాలినన్ని దొరకలేదు.

రంగును కూడా మళ్లీ రాశాం. ఇంతకుముందు నలుపు, బూడిద రెండే. ఇప్పుడు గోధుమ కలిసిన నలుపును విడిగా పెట్టాం. జన్యువు పుర్రె మీద పనిచేస్తే, ఒక్క కాపీ ఉన్న ఆ ఉడతల పుర్రె రెండింటికీ మధ్యలో రావాలి కదా. ఇది ఖర్చు లేని అదనపు పరీక్ష. అయితే పాత చర్మాల్లో నలుపు వెలుతురుకు వెలిసి గోధుమ రంగుకు తిరుగుతుంది, వెలిసిన నలుపును ఒక్క కాపీ అనుకునే ప్రమాదం ఉంది. అందుకని వీపు చూడకుండా, వెలుతురు తగలని చోట్లు చూశాం. కాలి మడతల లోపల, వెంట్రుకల అడుగున, పొట్ట మీద.

ఇక కొలిచేటప్పుడు రంగు తెలియకూడదు. చర్మాల సొరుగులు మూసి తాళం నేను పెట్టుకున్నాను. ఆమె చేతికి పుర్రె, ఒక కోడ్ నంబరు మాత్రమే వెళ్లాయి. పుర్రెను మట్టి మీద కాకుండా చిన్న గింజలు పోసిన గిన్నెలో కూర్చోబెట్టి, లెవెల్ చూసి ఫోటో తీసింది. బిందువులు రెండుసార్లు పెట్టింది, వారం గ్యాప్‌తో. పాల పన్ను ఇంకా ఉన్నవాటినీ, పుర్రె అడుగు ఎముకల మధ్య అతుకు కలవనివాటినీ ముందే తీసేశాం. ప్రతి పుర్రెకూ చిన్న పన్ను చూశాం, యూవీ లైటు వేశాం.

కోడ్ విప్పిన రోజు ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. మా నమూనాలో సైజు చోటుతోనే నడిచింది. ఒకే చోటి నల్ల, బూడిద పుర్రెల మధ్య ఆకారంలో తేడా చీటీలు తీసి వేసిన రంగులతో వచ్చేంతే ఉంది. గోధుమ నలుపువి మధ్యలో రాలేదు, అందరిలో కలిసిపోయాయి. వాషింగ్టన్ నల్ల ఉడతలు వాషింగ్టన్ బూడిద ఉడతల్లాగే ఉన్నాయి.

దీన్ని బట్టి రంగుకూ పుర్రెకూ ఏ సంబంధమూ లేదని తేల్చేయలేం. మా పద్ధతికి అందనంత చిన్న తేడా ఉండొచ్చు. మేం పైనుంచి మాత్రమే చూశాం, దవడ ఎముకను విడిగా కొలవలేదు. ఇదంతా పేపర్లో ఉండాలని ఆమె పట్టుబట్టింది. నాకు చాలా సంతోషం అనిపించింది.

కలాబ్రియా సంగతి

చివర్లో ఆమె అడిగింది, "అయితే మేడమ్, రంగు చూసి ఎప్పుడూ ఏమీ చెప్పలేమా?" చెప్పగలిగిన కేసు ఒకటి ఉందని కలాబ్రియా గురించి చెప్పాను.

యూరప్‌లోని ఎర్ర ఉడత, స్యూరస్ వల్గారిస్, పేరుకే ఎర్రది. ఆల్ప్స్ అడవుల్లో ఎర్రవి, గోధుమవి, నల్లవి ఒకే చోట ఉంటాయి, అన్నీ ఒకటే జాతి. కానీ బూటులా కనిపించే ఇటలీకి బొటనవేలు లాంటి దక్షిణ కొసన, కలాబ్రియా కొండల్లో, ఉడతలన్నీ నల్లటి వీపు, తెల్లటి పొట్టతో ఉంటాయి, ఎర్రది కనపడదు. 1907లో లుచిఫెరో వాటిని ఎర్ర ఉడతలో ఒక ఉపజాతిగా వర్ణించాడు. 2017లో ఇటలీ పరిశోధకులు దాన్ని విడి జాతిగా, స్యూరస్ మెరిడియోనాలిస్‌గా ప్రకటించారు. రంగు ఒక్కటే చూసి కాదు. డీఎన్‌ఏ వేరుగా ఉంది, ఎముకల ఆకారం వేరుగా ఉంది, ఒళ్లు బరువుగా ఉంది, రంగు కూడా వీటన్నిటితో ఏకీభవించింది. ఆల్ప్స్‌లోని నల్ల ఉడత మాత్రం తన పక్కనున్న ఎర్ర ఉడతకే చుట్టం, కలాబ్రియా నల్లదానికి కాదు. అంటే నలుపు రెండు చోట్లా కనిపిస్తుంది, అర్థం మాత్రం రెండు చోట్లా వేరు.

మన దేశంలోని పెద్ద అడవి ఉడత, రటూఫా ఇండికా, గురించి కూడా నాకు ఇదే ఆశ. పడమటి కనుమల నుంచి తూర్పు కనుమల దాకా దాని రంగు చోటును బట్టి ఎంతో మారుతుంది. ఉపజాతులను చాలావరకు ఆ రంగును చూసే విడదీశారు. ఎవరైనా మన పిల్లలు వాటి పుర్రెలు పట్టుకుంటే, మొదటి పట్టిక ఊళ్లతో మొదలుపెట్టాలని కోరుకుంటున్నాను. అక్కడ చిక్కు ఇంకా గట్టిది. ఒకే చోట రెండు రంగులు దొరకడం కష్టం కాబట్టి, రెండు రంగులు కలిసే సరిహద్దు అడవులు వెతుక్కోవాలి.

పాఠాలు, మారిన పద్ధతులు

ఈ కేసు తర్వాత మా దగ్గర పుర్రెలు అప్పు అడిగే ఫారంలో ఒక ప్రశ్న చేర్చాను. మీరు పోల్చే గుంపులు ఏయే ఊళ్ల నుంచి, ఏయే ఏళ్ల నుంచి వచ్చాయో పట్టిక జతచేయండి అని. కొందరికి విసుగుగా ఉంటుంది. ఒకరిద్దరు ఆ పట్టిక వేస్తూనే తమ ప్రాజెక్టు మార్చుకుని మళ్లీ రాశారు.

పని వరుస కూడా మార్చుకున్నాను. ఇదివరకు లెక్కలన్నీ అయ్యాక వింతగా కనిపించిన పుర్రెను తీసి చూసేదాన్ని కాదు, నోట్ రాసి వదిలేసేదాన్ని. ఇప్పుడు ఫోటో తీయడానికి ముందే ప్రతి ఉడత పుర్రెకూ పళ్లు లెక్కపెట్టి, యూవీ లైటు వేస్తాం. ఒక్కోదానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు మొదట్లో పెట్టి ఉంటే ఆమెకు నెలలు మిగిలేవి.

అన్నిటికన్నా నాకు కష్టమనిపించింది, బాగున్న ఫలితాన్ని ప్రశ్నించడం ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకోవడం. మధ్యలో సైజు తీసేశాక తేడా మిగిలిన రోజు మేం ఆగిపోయి ఉండొచ్చు. ఆగకపోవడానికి కారణం ఒక్కటే, తేడాను మోస్తున్న పుర్రెలు ఏవో అప్పటికి మాకు తెలియదు. అందుకని ఇప్పుడు విద్యార్థులకు ఇలా చెబుతాను: నీ ఫలితాన్ని మోస్తున్న ఎముకలు ఏవో పేరుపేరునా చెప్పగలిగి, వాటిని చేతిలోకి తీసుకుని చూసినప్పుడే రాయడం మొదలుపెట్టు.

ఆ నాలుగు పుర్రెలనూ తిరిగి పంపేటప్పుడు పళ్ల ఫోటోలు, చీకట్లో తీసిన ఎర్రటి ఫోటోలు జతచేసి ఆ మ్యూజియానికి ఉత్తరం రాశాం. వాళ్లు చర్మాలు తీసి మళ్లీ చూసి ఒప్పుకున్నారు. మ్యూజియాల్లో పాత లేబుల్ తీసేయరు. గ్రే స్క్విరెల్, నలుపు అని సిరాతో రాసిన పాత చీటీ అలాగే ఉంది. దాని పక్కన అదే దారంతో ఇప్పుడు కొత్త చీటీ ఒకటి కట్టి ఉంది: ఫాక్స్ స్క్విరెల్, చిన్న అగ్రచర్వణకం లేదు, గుంట లేదు, యూవీలో ఎరుపు, తేదీ, చూసిన ఇద్దరి పొడి అక్షరాలు.